టోటల్ రీకాల్ ముగింపు: కలా, నిజమా, తెర ఎందుకు తెల్లబడింది?

తమ్ముడూ, మీ చిత్తూరు బ్యాచ్ నలుగురూ టోటల్ రీకాల్ చూసి రెండు జట్లుగా చీలిపోయారని రాశావు. ఇద్దరు జరిగిందంతా నిజమంటున్నారు, ఇద్దరు అంతా కలంటున్నారు. నువ్వు అడిగినవి మూడు. చివర్లో ముద్దు పెట్టుకోగానే తెర ఎందుకు తెల్లబడింది? విలన్ కోహాగెన్‌కి హీరో క్వెయిడ్ ప్రాణాలతో కావాలంటే, కోహాగెన్ మనిషి రిక్టర్ సినిమా పొడుగునా ఎందుకు తుపాకీ పట్టుకొని వెంటపడ్డాడు? హోటల్ గదిలో డాక్టర్‌కి పట్టిన చెమట చూసి క్వెయిడ్ వాణ్ణి కాల్చేయడం సరైన పనేనా? మూడింటికీ జవాబు ఉంది. ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, కింద కథ మొత్తం చెప్పేస్తున్నా.

నా మాట ముందే చెప్తా. ఈ ముగింపుని చివరి సీన్లో వెతికితే దొరకదు. మొదటి అరగంటలోనే, జ్ఞాపకాలు అమ్మే రీకాల్ అనే కంపెనీ ఆఫీసులో బేరం కుదిరే సీన్ ఒకటుంది. ఆ బేరంలో సేల్స్‌మన్ ఏమేం ఇస్తానన్నాడో ఒక్కొక్కటే గుర్తు పెట్టుకొని మిగతా సినిమా చూడు. ముగింపు ఆ బేరంలోని ఆఖరి పద్దు.

ఏ సినిమా గురించి మాట్లాడుతున్నామో తేల్చుకుందాం. ఇది 1990లో వచ్చిన టోటల్ రీకాల్. దర్శకుడు పాల్ వెర్‌హోవెన్, హీరో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్. ఫిలిప్ కె. డిక్ 1966లో రాసిన చిన్న కథ దీనికి ఆధారం. కథాకాలం 2084. మనుషులు మార్స్ మీద గాజు గోపురాల కింద కాపురం ఉంటున్నారు, గాలి కూడా కొనుక్కొని పీలుస్తున్నారు. ఆ గాలి మీటర్ ఎవరి చేతిలో ఉందో వాడిదే పెత్తనం. వాడి పేరు కోహాగెన్.

రెండో ప్రశ్నతో మొదలుపెడతా, ఎందుకంటే కథ అర్థం కాకపోవడానికి అసలు కారణం అదే. సినిమా మనకు సంగతులు జరిగిన వరసలో చూపించదు. 'అంతా నిజమే' అనుకొని వరసగా పేర్చితే కథ ఇలా ఉంటుంది.

హౌసర్ అనేవాడు కోహాగెన్‌కి కుడిభుజం, జాన్ జిగిరీ. మార్స్ మీద తిరుగుబాటుదారుల నాయకుడు క్వాటో. వాడు ఎక్కడుంటాడో, ఎలా ఉంటాడో కోహాగెన్ మనుషులెవరికీ తెలియదు. గూఢచారిని పంపుదామంటే కుదరదు. నాసిరకం గోపురాల కింద రేడియేషన్ సోకి పుట్టిన మ్యూటెంట్లలో కొందరికి ఎదుటివాడి మనసు చదివే శక్తి ఉంది. అబద్ధంతో లోపలికి పోయినవాడు దొరికిపోతాడు. అప్పుడు హౌసరే ముందుకొచ్చి ఒక ఉపాయం చెప్పాడు: నా జ్ఞాపకాలన్నీ చెరిపేయండి, నన్ను నిజంగానే వేరే మనిషిని చేయండి, నేను గూఢచారినన్న సంగతి నాకే తెలియకపోతే నా మనసులో ఎవరు ఏం చదువుతారు?

అలా తయారైనవాడే డగ్లస్ క్వెయిడ్. భూమ్మీద కట్టడాల దగ్గర రాళ్లు పగలగొట్టే మిషన్ పట్టుకొని పనిచేసే కూలీ. లోరీతో పెళ్లయి ఎనిమిదేళ్లయిందని వాడి నమ్మకం. వాళ్ల పరిచయం నిజానికి ఆరు వారాలది, మిగతా కాపురమంతా తలలోకి ఎక్కించిన జ్ఞాపకం. లోరీ కాపలాకి పెట్టిన ఏజెంట్. కోహాగెన్ లెక్క ప్రకారం, అదను చూసి క్వెయిడ్‌కి తన పాత సంగతి కొంచెం కొంచెంగా తెలిసేలా చేస్తారు, వాడు మార్స్‌కి పరుగెత్తుతాడు, మనస్ఫూర్తిగా తిరుగుబాటుదారుల్లో కలుస్తాడు, తెలియకుండానే క్వాటో దగ్గరికి దారి చూపిస్తాడు.

లెక్క తప్పింది ఇక్కడ. అదను రాకముందే క్వెయిడ్ తనంతట తాను రీకాల్ ఆఫీసుకి పోయాడు. అక్కడ మత్తిచ్చి తలలో కదిలించేసరికి పాత జ్ఞాపకాల మీద వేసిన మూత ఊడిపోయింది. ఇక రిక్టర్ సంగతి. ఈ పథకం లోతు రిక్టర్‌కి కోహాగెన్ చెప్పనే లేదు. వాడి కంటికి క్వెయిడ్ పార్టీ ఫిరాయించిన ద్రోహి. పైగా లోరీ రిక్టర్ మనిషి, ఆరు వారాలు వేరేవాడి పక్కన భార్యగా నటించింది. ఆ కడుపుమంటతో వాడు కనబడిన చోటల్లా కాల్చాడు. కోహాగెన్ 'ప్రాణాలతో పట్టుకో' అని ఫోన్లో తిట్టడం, నీ బుర్ర వాడమని నేను చెప్పలేదని కసరడం ఇందుకే. చివర్లో కోహాగెన్ తన నోటితోనే ఒప్పుకుంటాడు: నువ్వు ముందే రీకాల్‌కి పోయి మూత ఊడగొట్టుకున్నావు, రిక్టర్ ఇష్టారాజ్యం చేశాడు, ఏడాది పాటు వేసిన పథకం ఇంత గందరగోళంలోనూ ఫలించిందంటే నాకే ఆశ్చర్యంగా ఉందని. ఆ డైలాగు వేగంగా పోతుంది. అది చెవిన పడకపోతే సినిమా సగం తప్పులతడకలా అనిపిస్తుంది.

ఇక తెర మీద కనబడే వరస చకచకా చెప్పేస్తా. క్వెయిడ్‌కి రోజూ మార్స్ కల, కలలో నల్లజుట్టు అమ్మాయి. కలలో జారి పడతాడు, హెల్మెట్ గాజు పగులుతుంది, గాలిలేక కళ్లు ఉబ్బుకొస్తాయి, ఉలిక్కిపడి లేస్తాడు. రీకాల్‌కి పోతాడు, అక్కడ గొడవ, ఇంటికొస్తే లోరీ చంపబోతుంది, పారిపోతాడు. తనలాగే ఉన్న హౌసర్ ఒక వీడియోలో కనబడి మార్స్‌కి పొమ్మంటాడు. ముక్కులోంచి ట్రాకర్ గుండు లాగేసుకుంటాడు. మార్స్‌లో మెలీనా దొరుకుతుంది, కలలోని అమ్మాయి తనే. హోటల్ గదికి డాక్టర్ ఎడ్జ్‌మార్ వస్తాడు, దాని గురించి కింద చెప్తా. తర్వాత క్వాటో దొరుకుతాడు. జార్జ్ అనే మనిషి పొట్టకి అంటుకొని ఉన్న చిన్న శరీరమే క్వాటో. టాక్సీ డ్రైవర్ బెన్నీ ద్రోహి అని బయటపడుతుంది, క్వాటో చనిపోతాడు. అప్పుడు కోహాగెన్ రెండో వీడియో పెడతాడు. అందులో హౌసర్ నవ్వుతూ, నా శరీరం నాకు తిరిగిచ్చేయ్ అంటాడు. క్వెయిడ్ ఒప్పుకోడు, కుర్చీ విరగ్గొట్టుకొని తప్పించుకుంటాడు, పిరమిడ్ గని కింద గ్రహాంతరవాసులు కట్టి వదిలేసిన రియాక్టర్‌ని నడిపిస్తాడు. మంచు కరుగుతుంది, గాలి పుడుతుంది, ఆకాశం నీలంగా మారుతుంది. 'ఇదంతా కలైతే?' అంటాడు క్వెయిడ్. 'అయితే మెలకువ రాకముందే ముద్దు పెట్టు' అంటుంది మెలీనా. ముద్దు, తెల్లటి తెర, అయిపోయింది.

ఇప్పుడు రీకాల్ ఆఫీసు. ఇక్కడ తొందరపడకు.

రీకాల్ అమ్మే సరుకు జ్ఞాపకం. ప్రయాణం చేయకుండానే చేసొచ్చినట్టు తలలోకి ఎక్కిస్తారు. సేల్స్‌మన్ మెక్‌లేన్ చెప్పే ధర మార్స్ మామూలు ప్యాకేజీకి 899 క్రెడిట్లు, రెండు వారాల జ్ఞాపకాలు. అందులో ఏమేం వస్తాయో గుక్కతిప్పుకోకుండా చదువుతాడు: షటిల్లో ప్రత్యేక గది, హిల్టన్‌లో బస, పిరమిడ్ కొండ, వీనస్‌విల్. తర్వాత అసలు ఎర వేస్తాడు. నువ్వు నువ్వుగా కాకుండా వేరే మనిషిగా పోవచ్చు, సీక్రెట్ ఏజెంట్‌గా. అజ్ఞాతంలో ఉన్న పెద్ద గూఢచారివి, అన్ని వైపుల నుంచి నిన్ను చంపడానికి వస్తుంటారు, అందమైన అమ్మాయి తారసపడుతుంది, ట్రిప్ అయిపోయేసరికి అమ్మాయి నీదవుతుంది, చెడ్డవాళ్లు చస్తారు, గ్రహం మొత్తాన్ని నువ్వే కాపాడతావు. ఇవి మెక్‌లేన్ మాటలు.

తిరుపతి బస్టాండ్ దగ్గర ప్యాకేజీ టూర్ వాళ్లిచ్చే కాగితం చూశావు కదా, తిరుచానూరు, శ్రీనివాస మంగాపురం, శ్రీకాళహస్తి, కాణిపాకం అని. సాయంత్రం దిగేటప్పుడు కాగితం చూసుకుంటూ ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటారు. మెక్‌లేన్ చెప్పింది కాగితం మీద రాసుకొని సినిమాకి అలా టిక్కులు పెట్టు. మార్స్‌లో దిగగానే క్వెయిడ్ పోయేది హిల్టన్‌కి. అక్కణ్ణుంచి వీనస్‌విల్‌కి. చివరి పోరాటం పిరమిడ్ గనిలో. లావుపాటి ఆడమనిషి వేషంలో కస్టమ్స్ దగ్గర ఎన్నాళ్లుంటావని అడిగితే తల మిషన్ చెడిపోయి 'రెండు వారాలు, రెండు వారాలు' అని అదే పనిగా అంటుంది చూడు, అది కూడా ప్యాకేజీ గడువే. అమ్మాయి దొరికింది, చెడ్డవాళ్లు చచ్చారు, గ్రహం బతికింది. ఒక్క పద్దు కూడా మిగల్లేదు.

కుర్చీలో కూర్చోబెట్టాక ఇంకో మూడు చిన్న విషయాలు జరుగుతాయి. ఎలాంటి అమ్మాయి కావాలని డాక్టర్ లల్ అడుగుతుంది, వాడు చెప్తుంటే స్క్రీన్ మీద ముఖం వస్తుంది. ఆ ముఖం మెలీనాది, అచ్చంగా ఆ నటి రేచల్ టికోటిన్ ముఖమే. రెండోది, గ్రహాంతరవాసుల సంగతులు కలపమంటావా అని మాట వస్తుంది, ఇప్పుడు పురాతన గ్రహాంతర అవశేషాలే నడుస్తున్నాయంటారు. మూడోది, టెక్నీషియన్ ఎర్నీ ప్రోగ్రామ్ చేతిలో పట్టుకొని, ఇది కొత్తగా ఉందే, మార్స్ మీద నీలాకాశం అంటాడు. ఒక్క వాక్యం. సినిమా ఆఖరి షాట్ ఏంటో మొదట్లోనే చెప్పేశాడు.

దీనికి ముందు ఇంట్లో టిఫిన్ సీన్ కూడా వదలొద్దు. గోడ మీద టీవీలో మార్స్ వార్తలు నడుస్తుంటాయి. కోహాగెన్ ముఖం, తిరుగుబాటు గొడవలు, పిరమిడ్ గనిలో గ్రహాంతర అవశేషాలు దొరికాయన్న పుకారు, అన్నీ అక్కడే వింటాడు. అంటే రీకాల్‌కి పోయే నాటికే విలన్ ఎవరో, గని ఏదో క్వెయిడ్ బుర్రలో ఉన్నాయి. కల కట్టుకోవడానికి కావలసిన ఇటుకలన్నీ చేరిపోయాయి. పనిలో తోటివాడు హ్యారీ ఇచ్చే హెచ్చరిక కూడా గుర్తుపెట్టుకో: నాకు తెలిసినవాడొకడు రీకాల్‌కి పోయి లోబోటమీ దాకా వచ్చాడని. మెదడు ముందు భాగంలో నరాల బంధాలు కోసేసే ఆపరేషన్‌ని లోబోటమీ అంటారు, అది జరిగినవాడు బతికే ఉంటాడు గానీ మనిషిగా చాలావరకు మిగలడు. ఈ మాట సినిమాలో రెండోసారి వచ్చేది ఎడ్జ్‌మార్ నోట.

'కల' జట్టు లెక్కలో కల మొదలయ్యేది సరిగ్గా ఒక కట్ దగ్గర. క్వెయిడ్ మత్తులోకి జారుతూ కళ్లు మూస్తాడు, వెంటనే సీన్ మారి మెక్‌లేన్ ఇంకో కస్టమర్‌తో మాట్లాడుతుంటాడు, లోపలి నుంచి అర్జెంటుగా పిలుపు వస్తుంది. ఆ రెండు షాట్ల మధ్య ఎంత సేపు గడిచిందో మనకి చూపించరు. తిరకాసంతా ఆడే ఉంది. లోపల క్వెయిడ్ రంకెలు వేస్తుంటాడు. మెక్‌లేన్, ఇది సీక్రెట్ ఏజెంట్ పాత్రలో పడిపోయిన పిచ్చి అంటాడు. డాక్టర్ లల్ అంటుంది: ఆ జ్ఞాపకం మనం ఇంకా ఎక్కించనే లేదు.

'నిజం' జట్టుకి ఉన్న గట్టి ఆధారం ఈ మాటే. ఎక్కించని జ్ఞాపకం బయటికెలా వస్తుంది? 'కల' జట్టు జవాబు: ఆ మాట కూడా కట్ తర్వాతిదే కదా, కలలోని డాక్టర్ చెప్పిన మాట సాక్ష్యం ఎలా అవుతుంది? ఇలా ఎటు లాగినా సాగుతుంది, అందుకే మీ వాదన తెల్లారినా తెగలేదు.

మూడో ప్రశ్నకి వద్దాం, హోటల్ గది. ఎడ్జ్‌మార్ వచ్చి, నువ్వు ఇంకా రీకాల్ కుర్చీలోనే ఉన్నావు, కలలో ఇరుక్కుపోయావు, నిన్ను బయటికి తీసుకురావడానికి నన్ను లోపలికి పంపారంటాడు. లోరీని కూడా తెచ్చాడు, ప్రేమగల భార్యగా. ఎర్ర మాత్ర ఇచ్చి, ఇది మింగితే మేలుకోవాలని నువ్వు ఒప్పుకున్నట్టు అంటాడు. క్వెయిడ్ మాత్ర నోట్లో పెట్టుకుంటాడు. అప్పుడు ఎడ్జ్‌మార్ నుదుటి నుంచి చెమట చుక్క జారుతుంది. కలలోకి వచ్చినవాడికి చావు భయం ఎందుకని, వాణ్ణి కాల్చి మాత్ర ఉమ్మేస్తాడు.

చాలామంది ఆ చుక్కని తిరుగులేని రుజువు అనుకుంటారు. నా మటుకు అది రుజువు కాదు. కలలోంచి బయటికి రావడం ఇష్టంలేని మనసు, రాకుండా ఉండటానికి ఒక సాకు వెతుక్కుంటుంది. సీక్రెట్ ఏజెంట్ కథకి ఇంతకంటే తగిన సాకు ఏముంటుంది, శత్రువు కంగారుని చెమటలో పట్టేయడం! అంటే ఆ చుక్క రెండు వైపులా సమానంగా పనిచేస్తుంది. క్వెయిడ్ చేసిన పని సరైనదా అంటే, తనకి ఆ క్షణంలో ఉన్న ఆధారంతో మంచి నిర్ణయమే. కానీ ఆ తూటాతో, తాను మేలుకొని ఉన్నానో లేదో తేల్చుకునే ఆఖరి దారి మూసేశాడు. ఇక మీదట ఎవరు ఏం చెప్పినా వాడికి నిర్ధారణ లేదు, మనకీ లేదు.

చుక్క కంటే బరువైనది ఎడ్జ్‌మార్ చావుకి ముందు చెప్పే హెచ్చరిక. నన్ను చంపితే నీకు వాస్తవం గోడలు కూలిపోతాయి. ఒక నిమిషం తిరుగుబాటుదారుల రక్షకుడివి, మరునిమిషం కోహాగెన్ ప్రాణస్నేహితుడివి. నువ్వు అడిగినట్టే గ్రహాంతర నాగరికతలు కూడా చూస్తావు. చివరికి భూమ్మీద నీకు లోబోటమీ చేయాల్సి వస్తుంది. ఇప్పుడు ఆ తర్వాత జరిగేది చూడు. తూటా పేలీ పేలకముందే గది గోడలు బద్దలుకొట్టుకొని సైనికులు దూకుతారు, గోడలు నిజంగానే కూలాయి. తర్వాత క్వాటో దగ్గర రక్షకుడు. తర్వాత వీడియోలో కోహాగెన్ ప్రాణస్నేహితుడు. తర్వాత గ్రహాంతర రియాక్టర్. చెప్పిన వరసలో, ఒక్కటీ తప్పకుండా. వరసలో మిగిలింది లోబోటమీ ఒక్కటే, సినిమాలో మిగిలింది తెల్లటి తెర ఒక్కటే.

నీ మొదటి ప్రశ్నకి జవాబు అది. సినిమా మామూలుగా నల్లగా ముగుస్తుంది. ఇక్కడ వెలుగు పెరిగి పెరిగి ముఖాలు కరిగిపోయి తెల్లబడుతుంది. డీవీడీ వ్యాఖ్యానంలో వెర్‌హోవెన్ తాను కల వైపే మొగ్గుతున్నానని, ఆ తెలుపు లోబోటమీకి గుర్తని చెప్పాడు. దర్శకుడు చెప్పాడు కాబట్టి కేసు మూసేద్దామని నేను అనను. ఆయన రెండు దారులూ నడిచేలా జాగ్రత్తగా కట్టాడు, ఆ జాగ్రత్త సినిమాలో కనబడుతుంది. అయినా టిక్కులన్నీ పడ్డాక, నా ఓటు కలకే.

'కల' వాదనకి ఒక పెద్ద చిల్లు ఉందని కూడా ఒప్పుకోవాలి. మెలీనా రీకాల్‌కి ముందే కలలో ఉంది. సినిమా మొదలయ్యేదే ఆమె ఉన్న కలతో. తెల్లారి లోరీ కూడా, ఆ అమ్మాయి మళ్లీ వచ్చిందా అని అసూయగా అడుగుతుంది. రీకాల్ తలలోకి ఏమీ ఎక్కించకముందే ఆమె ఎలా వచ్చింది? దీనికి అతుకు ఒకటే: రోజూ కలలో చూసే అమ్మాయినే వాడు కుర్చీలో కూర్చొని వర్ణించాడు, మిషన్ ఆ వర్ణనకి ముఖం కట్టింది, మనకి ఒకే నటి కనబడింది. పనిచేస్తుంది గానీ, అతుకు అతుకే. 'నిజం' వాదనకి కూడా సరిగ్గా అదే చోట చిల్లు. మార్స్‌లో ఉన్న అసలు మనిషి ముఖం, భూమ్మీద ఒక కంపెనీ కంప్యూటర్‌లోకి ఎలా వచ్చింది? ఆ జట్టు యాదృచ్ఛికమని చెప్పాలి. యాదృచ్ఛికం నాకు అతుకు కంటే బలహీనంగా తోస్తుంది. క్వెయిడ్ లేని చోట రిక్టర్, కోహాగెన్ మాట్లాడుకునే సీన్లున్నాయి కాబట్టి కల కాదనే వాదన కూడా వింటుంటాం. మనకొచ్చే కలల్లోనూ మనం లేని సంఘటనలు జరుగుతుంటాయి, కాబట్టి దాని మీద ఎక్కువ బరువు పెట్టొద్దు.

సైన్సు వైపు నుంచి కొంచెం చూస్తే ముగింపు ఇంకా కలలాగే కనబడుతుంది. నిజం మార్స్ గాలిలో దాదాపు 95 శాతం కార్బన్ డయాక్సైడ్, పీడనం భూమ్మీద ఉన్నదాంట్లో నూటికి ఒక వంతు కూడా లేదు. బయట పడ్డ మనిషికి పది పదిహేను సెకన్లలో స్పృహ పోతుంది. కళ్లు గుడ్లు ఊడి బయటికి రావడం జరగదు, అది సినిమా భయం. అలా ఉబ్బిన ఇద్దరూ గాలి రాగానే గీతైనా పడకుండా లేచి కూర్చోవడం మరీ విచిత్రం. భూమ్మీద ఉన్నంత పీడనం మార్స్ అంతటా నింపాలంటే ఆ గ్రహం వైశాల్యం, గురుత్వం లెక్కలో పెడితే సుమారు 4,000 లక్షల కోట్ల టన్నుల గాలి కావాలి. సినిమాలో నిమిషాల్లో వచ్చేసింది. మంచు కరిగితే వచ్చేది నీళ్లు, ఆవిరి. అందులోంచి ఆక్సిజన్ విడగొట్టడం వేరే పని. నాసా పెర్సెవరెన్స్ రోవర్ మీద మాక్సీ అనే పెట్టె మార్స్ గాలిలోంచి ఆక్సిజన్ తీసింది. 2023లో పని ముగించేనాటికి మొత్తం 122 గ్రాములు. నీలాకాశం మాత్రం సైన్సుకి ఒప్పుకుంటుంది, దట్టమైన గాలి ఉంటే ఆకాశం నీలంగానే ఉంటుంది. ఇప్పటి మార్స్‌లో ధూళి వల్ల పగలు మట్టిరంగు, సూర్యుడు అస్తమించే వేళ సూర్యుడి చుట్టూ మాత్రం నీలం. ప్రయాణం లెక్క కూడా చూడు. మన తిరుపతి జిల్లా శ్రీహరికోట నుంచి 2013 నవంబర్ 5న ఎగిరిన మంగళయాన్ మార్స్ కక్ష్యలో చేరింది 2014 సెప్టెంబర్ 24న. రెండు వారాల ప్యాకేజీ ఎలాంటి సరుకో ఇంక చెప్పక్కర్లేదు.

మీ వాదనలో రాని విషయం ఒకటుంది, నాకు సినిమాలో అన్నిటికంటే ఇష్టమైనది. చాలామంది క్వెయిడ్‌ని, మంచివాడికి విలన్లు జ్ఞాపకం చెరిపేశారు, వాడు తన అసలు రూపాన్ని తిరిగి సంపాదించుకున్నాడు అని చెప్పుకుంటారు. కథ దానికి పూర్తిగా ఎదురు. అసలు రూపం హౌసర్, వాడు దుర్మార్గుడు. మంచివాడు ఎవరంటే విలన్లు తయారుచేసిన ఆరు వారాల నకిలీ మనిషి. క్వాటో దగ్గర క్వెయిడ్, నా జ్ఞాపకం నాకు కావాలి, నేను మళ్లీ నేను కావాలి అంటే క్వాటో ఏమంటాడు? నువ్వు చేసే పనే నువ్వు, మనిషిని నిర్ణయించేది వాడి చేతలే గానీ జ్ఞాపకం కాదంటాడు. అప్పటికి వీడియో ఇంకా రాలేదు, ఆ మాట బరువు క్వెయిడ్‌కి తెలియదు. హౌసర్ తన శరీరం తిరిగి అడిగినప్పుడు ఆ మాట పరీక్షకి వస్తుంది. హౌసర్‌కి చట్టం లాంటి హక్కుంది, పుట్టింది వాడు, పెరిగింది వాడు. క్వెయిడ్ ఇవ్వనంటాడు. గొప్ప సీన్ అది. ష్వార్జ్‌నెగర్‌ని కండలకోసం చూసేవాళ్లు ఆ కుర్చీలో ఆయన ముఖం ఒకసారి సరిగ్గా చూడాలి. ఇదంతా కలే అయినా సరే, కలలో కూడా వాడు హౌసర్‌గా మారే సుఖాన్ని వద్దన్నాడు. 'కల' జట్టువాళ్లు ముగింపుని 'ఏమీ జరగలేదు' అని కొట్టిపారేయకూడదని నేను గట్టిగా అనేది ఇందుకే.

మొదటి సీన్‌నీ చివరి సీన్‌నీ పక్కపక్కన పెట్టి చూడు. రెండింట్లోనూ వాడు మెలీనాతో మార్స్ నేల మీద, ఊపిరాడక కళ్లు ఉబ్బుతూ. మొదటిది చావుతో మెలకువ, ఆకాశం ఎరుపు. రెండోదాంట్లో గాలి వస్తుంది, ఆకాశం నీలం. రోజూ వేధించే పీడకలని సరిచేసి ఇచ్చినట్టుంది.

మళ్లీ చూడాలనుకుంటే ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు తప్పకుండా పెట్టుకో. ఎర్నీ నీలాకాశం మాట ఏదో పని చేసుకుంటూ అనేస్తాడు, చెవికి ఆనదు. టిఫిన్ దగ్గర టీవీ వార్తలు ఒకసారి ఆపి చదువు. మెక్‌లేన్ ప్యాకేజీ చెప్పేటప్పుడు కాగితం మీద రాసుకో. స్క్రీన్ మీద ముఖం వచ్చినప్పుడు ఆపు. కళ్లు మూసే షాట్ దగ్గర ఆపి, తర్వాతి షాట్ ఎవరి మీద తెరుచుకుందో చూడు. ఎడ్జ్‌మార్ హెచ్చరిక రెండుసార్లు విను. యాక్షన్ సీన్లు మొదటిసారి చూసినప్పుడు సరిపోతుంది. టీవీలో వచ్చేటప్పుడు చూడొద్దు, హింస ఎక్కువున్న సినిమా కాబట్టి కోతలు పడతాయి, కోతల్లో మాటలూ పోతాయి.

మూల కథ చదివితే పేచీ తీరుతుందా అని కూడా కొందరు అడుగుతుంటారు. తీరదు. డిక్ కథలో హీరో పేరు క్వెయిల్, ఆఫీసు గుమాస్తా, కథ నడిచేదంతా భూమ్మీదే. అక్కడ మలుపు వేరు: ఏ కోరికని నకిలీ జ్ఞాపకంగా ఎక్కించబోయినా అది నిజంగా జరిగిందేనని తేలుతుంది, చిన్నప్పుడు భూమిని కాపాడానన్న పిల్లచేష్ట లాంటి ఊహతో సహా. కలా నిజమా అన్న ఊగిసలాట సినిమావాళ్లు కట్టుకున్నది. 2012లో ఇదే పేరుతో కాలిన్ ఫారెల్ హీరోగా ఇంకో సినిమా వచ్చింది. దాంట్లో మార్స్ ప్రయాణం లేదు, రియాక్టర్ లేదు, నీలాకాశం లేదు. మీ నలుగురిలో ఎవరైనా అది చూసి ఇందులోకి కలిపేస్తున్నారేమో ముందు కనుక్కో. గోడలు బద్దలయ్యే హోటల్ గది గుర్తులేదన్నవాడు చూసింది ఆ సినిమానే అయ్యుంటుంది.